ఫ్లోరైడ్ బకెట్ కిట్: నీళ్లు బాగున్నాయి, మడ్డి మాత్రం మన నెత్తిన

నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు మా ఊళ్లో ఇంటికి తీసుకున్న, నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే బకెట్ కిట్ గురించి ఇది. కంపెనీ పేరు వద్దులెండి. నల్లా రాని రోజు బోరు నీళ్లే దిక్కు, వాటిని ఎంత కాచినా ఫ్లోరైడ్ పోదు సరికదా, ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది.

లోపల ఉన్నది నాగ్‌పూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి (NEERI) వాళ్ల పాత నల్గొండ టెక్నిక్కే. 40 లీటర్ల బకెట్, సున్నం, పటిక, కాస్త బ్లీచింగ్ పౌడర్. ముందు గబగబా కలిపి, తర్వాత పది పదిహేను నిమిషాలు మెల్లగా తిప్పి గంటసేపు కదపకుండా వదిలేస్తే దూదిపింజల్లాంటివి కట్టి అడుగుకు దిగుతాయి, పైన తేట. కుళాయి అడుగుకు కొంచెం పైన పెట్టారు, అది మంచి పని. పటిక మోతాదు మాత్రం మీ బోరు నీళ్లలో ఫ్లోరైడ్, క్షారత ఎంతుందన్నదాన్ని బట్టి మారుతుంది, కాబట్టి టెస్ట్ చేయించకుండా ప్యాకెట్ మీద ఉన్నంత వేసేయకండి. మా తేట నీళ్లు టెస్ట్ చేయిస్తే ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల లోపే వచ్చింది.

ఇక అసలు సంగతి. కాగితంలో "అడుగున మిగిలింది పారబోయండి" అని ఒక్క ముక్క రాసి చేతులు దులుపుకున్నారు. ఎక్కడ పారబోయాలి? నీళ్లలోంచి తీసిన ఫ్లోరైడ్ మాయమైపోలేదు కదా, ఆ మడ్డిలోనే ఉంది. బోరు పక్కనే పోసుకుంటే వానకు మళ్లీ భూమిలోకి దిగొచ్చు. కంపెనీకి ఫోన్ చేసి అడిగితే అక్కడి మనిషి "అది ఉత్త మట్టే కదా సార్" అన్నాడు.

మేమైతే బోరుకి దూరంగా చిన్న సిమెంటు తొట్టి కట్టించి పైన రేకు వేశాం. పోసినప్పుడు జారుగా ఉంటుంది, దాదాపు అంతా నీళ్లే మరి. నాలుగు ఎండలకు నెర్రెలిచ్చి, పెంకులు లేచి, గీకితే పొడి రాలుతుంది. ఎన్ని బకెట్లు పోసినా మిగిలేది గుప్పెళ్లే. గేదెలు, కోళ్లు మూతి పెట్టకుండా మూత డబ్బాలో వేస్తున్నాం, కూరగాయల మడిలో మాత్రం వెయ్యం. ఇటుకల్లో కలిపే ప్రయోగాలు జరిగాయిగానీ మా డబ్బా తీసుకునే బట్టీ ఒక్కటీ దొరకలేదు.

నీళ్లకు నాలుగు స్టార్లు, మడ్డికి ఒకటి. పటిక ప్యాకెట్లు అమ్మడానికి నెలనెలా బండేసుకొచ్చే మనిషి పోతూ పోతూ ఆ డబ్బా పట్టుకెళ్లే ఏర్పాటు చేస్తే రెండోది ఇస్తా.