ప్రపంచ యాత్ర ఓడలో మొదటి మూడు రోజులు: చెన్నై నుంచి వెళ్లేవారికి

మూడు నాలుగు నెలల ఓడ ప్రయాణానికి డబ్బు కట్టేటప్పుడు అందరి కళ్లూ రేవుల జాబితా మీదే ఉంటాయి. మా మాట వింటే ముందు గది ఎక్కడుందో చూడండి. రేవులో గడిపేది కొన్ని గంటలే, రాత్రులన్నీ ఆ గదిలోనే. ఓడ ముందుకీ వెనక్కీ ఊగినప్పుడు కొసలు ఎక్కువ లేస్తాయి, నడుమ భాగం తక్కువ కదులుతుంది. పక్కలకు ఒరిగినప్పుడు పై అంతస్తుల్లో ఊపు ఎక్కువ. కాబట్టి నడుమ, కింది అంతస్తు గది మేలు. ధర కూడా తక్కువే. ఓడ పటంలో మీ గదికి పైన ఏముందో చూడండి. బఫే ఉంటే తెల్లవారకముందే కుర్చీలు లాగే చప్పుడు మొదలవుతుంది. గది మరీ ముందున ఉంటే ఓడ లంగరు వేసిన ప్రతిసారీ దాని గొలుసు నిద్ర లేపుతుంది.

బాల్కనీ కోసం ఎక్కువ పెట్టే ముందు ఒక మాట. ఇంగ్లండ్ రేవు సౌతాంప్టన్‌లో జనవరిలో బయలుదేరితే మొదటి రోజుల్లో చలిగాలికి అక్కడ కూర్చోలేరు. క్వీన్ మేరీ 2 అనే ఓడలో పక్క గోడను తొలిచినట్టుండే బాల్కనీలున్నాయి. గాలి తక్కువగా కొడుతుంది కానీ కూర్చుంటే సముద్రం కనబడదు, లేచి నిలబడాలి.

ధరలు పోల్చేటప్పుడు ధరలో ఏమేం కలిసి ఉన్నాయో చూడాలి. కునార్డ్ కంపెనీ ఓడల్లో ఏ భోజనశాలలో తింటారన్నది మీ గది తరగతిని బట్టి ఉంటుంది: బ్రిటానియా, ప్రిన్సెస్ గ్రిల్, క్వీన్స్ గ్రిల్. రీజెంట్ కంపెనీ ఓడల్లో అన్నీ సూట్లే. టిప్పులు, పానీయాలు, చాలా రేవుల్లో విహారాలు, బట్టలు ఉతకడం అన్నీ ధరలోనే ఉంటాయి. సిల్వర్‌సీ కంపెనీ ఓడల్లో ప్రతి సూట్‌కూ బట్లర్, అంటే గది పనులు చూసే మనిషి, ఉంటాడు. నాలుగు నెలల లెక్కలో రోజువారీ టిప్పూ ఇంటర్నెట్టూ చిన్న మొత్తాలు కావు. అవి కలిపాకే ఏది చవకో తేలుతుంది.

చాలా ప్రపంచ యాత్రలు సంక్రాంతి ముందూ వెనకా బయలుదేరతాయి. భోగి తెల్లవారుజామున చెన్నై నుంచి విమానం పెట్టుకోకండి. 2018 భోగి నాడు మంటల పొగ మంచుతో కలిసి మీనంబాక్కంలో విమానాలు ఆగిపోయాయి, కొన్నిటిని వేరే ఊళ్లకు మళ్లించారు. ఓడ ఎవరి కోసమూ ఆగదు. రెండు రోజుల ముందే చేరుకుని సౌతాంప్టన్‌లో బస చేయడం ఖర్చే అయినా దండగ కాదు.

భారతీయ పాస్‌పోర్టుకు వీసాలే పెద్ద పని. ఓడ షెంగెన్ దేశాలకు (ఒకే వీసా చెల్లే ఐరోపా దేశాలకు) రెండుసార్లు వస్తుంటే మల్టిపుల్ ఎంట్రీ వీసా అడగాలి. 2023 చివర్లో ఎర్ర సముద్రంలో దాడులు మొదలయ్యాక చాలా ఓడలు సూయెజ్ కాలువ వదిలి ఆఫ్రికాను చుట్టి వెళ్లడం మొదలుపెట్టాయి. దారి మారితే దక్షిణాఫ్రికా వీసా కొత్తగా కావాల్సి వస్తుంది. దారిలో బ్రెజిల్, కెన్యా వంటి దేశాలుంటే ఎల్లో ఫీవర్ టీకా తప్పదు. గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో వేస్తారు. సర్టిఫికెట్ పది రోజుల తర్వాతే చెల్లుతుంది. 60 దాటినవారికి ఈ టీకాతో ప్రమాదం కొంత ఎక్కువ కనుక ముందు డాక్టరును అడగాలి.

ఎక్కిన రోజు పెట్టెలు గదికి చేరేసరికి సాయంత్రం కావచ్చు. మందులు, పాస్‌పోర్టు, ఒక జత బట్టలు చేతి సంచిలో ఉండాలి. ఇస్త్రీ పెట్టె, కెటిల్, రైస్ కుక్కర్ పెట్టెలో దొరికితే తీసి పెట్టుకుంటారు. ఓడలో అన్నిటికన్నా భయం నిప్పే. ప్రమాద సంకేతంగా ఏడు చిన్న కూతలు, ఒక పొడుగు కూత వినిపిస్తే అందరూ చేరాల్సిన చోటు ఏదో ఆ రోజే కాళ్లతో నడిచి చూసుకోండి. 2012లో కోస్టా కంకార్డియా అనే ఓడ మునిగినప్పుడు కొందరికి అలా చేరే అభ్యాసం, అంటే డ్రిల్, ఇంకా కాలేదు. ఆ తర్వాతే బయలుదేరకముందో, బయలుదేరిన వెంటనేనో డ్రిల్ జరిగి తీరాలన్న నియమం వచ్చింది.

భోజనాల బల్ల నచ్చకపోతే మొదటి రాత్రే మేత్ర్ డీని (భోజనశాల పెద్దను) కలవండి. వారం గడిస్తే స్నేహాలు కుదిరి ఎవరూ కదలరు. శాకాహారమని టికెట్ కొన్నప్పుడే రాయించినా, ఎక్కాక మళ్లీ చెప్పాలి. 'వెజిటేరియన్' అంటే చాలదు. గుడ్డు, చేపల సాస్, జెలటిన్ వద్దని పేరుపేరునా చెప్పండి. మరుసటి రోజు మెనూ ముందురోజు రాత్రే చూపించమంటే వంటవాళ్లకు సమయం దొరుకుతుంది. పప్పు, కూర అడిగితే ఉత్తరాది వంట వస్తుంది. చారు కావాలంటే ఎలా చేయాలో చెప్పాలి. ఆవకాయ సీల్ వేసిన ప్యాకెట్ అయితే ఓడలో సాధారణంగా ఒప్పుకుంటారు కానీ దాన్ని రేవులో దించకండి. న్యూజీలాండ్‌లో చెప్పకుండా తినుబండారం తీసుకెళ్తే అక్కడికక్కడే 400 డాలర్ల జరిమానా.

కడుపు తిప్పడం మొదలయ్యాక అవోమిన్ మాత్ర వేసుకుంటే లాభం తక్కువ, ఓడ కదలడానికి ముందే వేసుకోవాలి. మగతగా ఉంటుంది. గ్లకోమా, ప్రోస్టేట్ సమస్య ఉన్నవారు డాక్టరును అడక్కుండా వేసుకోవద్దు. వాంతులు, విరేచనాలు రెండూ ఉంటే అది ఊపు వల్ల కాకపోవచ్చు. నోరోవైరస్‌కు శానిటైజర్ సరిగా పనిచేయదు, సబ్బుతో కడుక్కోవాల్సిందే.

ఎక్కగానే ఫోన్ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి. నడిసముద్రంలో సిగ్నల్ కనిపిస్తే అది ఓడ సొంత నెట్‌వర్క్, మామూలు రోమింగ్ ప్యాక్ దానికి చాలావరకు వర్తించదు. అంటే బ్యాంకు ఓటీపీ కూడా రాకపోవచ్చు. ప్రీమియంలు, ఇంటి కరెంటు బిల్లు చెన్నైలోనే ఆటోపేలో పెట్టి రండి.

పడమటికి వెళ్తుంటే సౌతాంప్టన్ నుంచి న్యూయార్క్ చేరేలోపు గడియారం ఐదు గంటలు వెనక్కి జరుగుతుంది, రోజుకో గంట చొప్పున. ఇన్సులిన్ తీసుకునేవారు ఆ రోజుల వేళలు చెన్నైలో తమ డాక్టరు చేత కాగితం మీద రాయించుకుని వెంట తెచ్చుకోవాలి.