పన్నెండేళ్ళుగా నాతో పరుగెత్తిన మాటలు

నా మొదటి మారథాన్‌లో స్టార్ట్ లైను దగ్గర నిలబడి ఉండగా, ఛాతీ మీద నంబరుండే బిబ్‌ను వంకరగా తగిలించుకున్న తీరు చూసి కొత్తవాడినని పసిగట్టిన ఒక పెద్దాయన మూడు ముక్కల్లో సలహా ఇచ్చారు. "కుందేలు వెనకే కూర్చో బాబూ. ముప్పై దాటాక గోడ వస్తుంది. కిక్ చివరికి దాచుకో." పరుగు పందెంలో కూర్చోవడం ఏమిటో, రోడ్డుకు అడ్డంగా గోడ ఏమిటో అర్థం కాకపోయినా బుద్ధిమంతుడిలా తల ఊపాను.

ఆ తర్వాత పన్నెండేళ్ళు గడిచాయి. ఎన్ని జతల బూట్లు అరిగాయో లెక్కపెట్టడం మానేశాను. వాచీలు మూడు మారాయి. ఆ రోజు విన్న మాటలు మాత్రం ఇప్పటికీ వాడుకలోనే ఉన్నాయి. బూట్ల మీద, వాచీల మీద సమీక్షలు రాసేవారికి కొదవ లేదు. నేను ఈ మాటల మీద రాస్తాను. ఇవీ పరుగువాడి సామానే. వీటిలో కొన్ని కాళ్ళకు పనికొస్తాయి, కొన్ని నోటికి మాత్రమే పనికొస్తాయి. ఏది ఏ రకమో తెలుసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది, కాస్త ఒళ్ళూ హూనమైంది.

అన్నిటికంటే బాగా పనిచేసినది నెగటివ్ స్ప్లిట్. పేరు వినగానే ఏదో తప్పు చేసినట్టు అనిపిస్తుంది కానీ, రెండో సగాన్ని మొదటి సగం కన్నా తక్కువ సమయంలో పూర్తిచేయడమే దీని అర్థం. కెన్యా రన్నర్ కెల్విన్ కిప్టమ్ 2023లో షికాగోలో 2:00:35తో ప్రపంచ రికార్డు నెలకొల్పినప్పుడు మొదటి సగానికి 60 నిమిషాల 48 సెకన్లు, రెండో సగానికి 59 నిమిషాల 47 సెకన్లు పట్టాయి. నా తొలి మారథాన్ స్ప్లిట్లు ఇవి: మొదటి సగం 1:44, రెండో సగం 2:09. మాట అర్థం నాకు అప్పటికే తెలుసు, కాళ్ళకే తెలియదు. మొదటి పది కిలోమీటర్లలో ఒళ్ళు తేలిపోతున్నప్పుడు, నా కన్నా నెమ్మదిగా పరుగెత్తగలవారు సైతం నన్ను దాటిపోతుంటే, "పోనీ" అనుకోగలగడమే ఈ మాటను వాడటం. అది వంటబట్టడానికి నాలుగేళ్ళు పట్టింది. ఇరవై ఐదో కిలోమీటరు తర్వాత, పొద్దున నన్ను దాటిన వీపులనే ఒక్కొక్కటిగా గుర్తుపడుతూ వెనక్కి నెట్టిన రోజున నా రెండో సగం మొదటి దానికంటే నిమిషం తక్కువ. ఆ నిమిషం కోసం ఎన్నేళ్ళయినా పెట్టవచ్చు.

దీనికి పుట్టుశత్రువు "టైమ్ బ్యాంక్ చేయడం". ముందు వేగంగా పరుగెత్తి నిమిషాలు దాచుకుంటే, చివర్లో నీరసించినప్పుడు వాడుకోవచ్చట. వినడానికి పొదుపులా ఉంటుంది, నిజానికి అది చేబదులు, వడ్డీ కూడా మామూలుది కాదు. ఒక పోటీలో జెండా పట్టుకున్న పేసరే, అంటే గుంపుకు ముందుండి వేగం పట్టి ఉంచాల్సినవాడే, మాకు ఈ పని చేసి పెట్టాడు. మూడున్నర గంటల్లో పూర్తిచేయాలనుకునేవారి గుంపు అది. కిలోమీటరుకు ఐదు నిమిషాల లోపు సరిపోయే చోట మొదటి ఏడెనిమిది కిలోమీటర్లు పది, పన్నెండు సెకన్లు వేగంగా లాక్కెళ్ళాడు. ఎవరో అడిగితే "బ్యాంకులో వేస్తున్నాను" అన్నాడు. ముప్పై ఐదో కిలోమీటరు దగ్గర జెండా పక్కన నలుగురం మిగిలాం, కాసేపటికి ముగ్గురయ్యారు. తగ్గినవాడిని నేనే. ఈ మాటకు నా మార్కులు సున్నా.

పేసర్‌ను పట్టుకుని కుందేలు అనడం మాత్రం నాకు ఇష్టం. పేరుమోసిన పోటీల్లో కుందేలు పని ముందుండి వేగం పట్టి ఉంచడం, గాలిని తను కాయడం, చెప్పిన దూరానికి పక్కకు తప్పుకోవడం. 1954లో రోజర్ బానిస్టర్ మైలును నాలుగు నిమిషాల లోపు పూర్తిచేసిన రోజున ముందు బ్రాషర్, తర్వాత చాటవే చేసింది ఆ పనే. 2019లో వియన్నాలో కెన్యా రన్నర్ కిప్చోగే 1:59:40కి మారథాన్ దూరం పూర్తిచేసినప్పుడు 41 మంది వంతులవారీగా వచ్చి ఆయన చుట్టూ నడిచే గోడలా పరుగెత్తారు. అందుకే అది రికార్డుల పుస్తకంలోకి ఎక్కలేదు కూడా. ఇక కుందేళ్ళే పందెం గెలిచిన సందర్భాలు తలుచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వు వస్తుంది. 1981లో ఆస్లోలో 1500 మీటర్లకు కుందేలుగా వచ్చిన టామ్ బయర్స్‌ను వెనకున్నవారు పట్టించుకోలేదు. ఎలాగూ ఆగిపోతాడులే అనుకున్నారు. అతను ఆగలేదు. అప్పటి మేటి స్టీవ్ ఓవెట్ ఎంత తరిమినా అందలేదు. 1994 లాస్ ఏంజెలెస్ మారథాన్‌లోనూ పాల్ పిల్కింగ్టన్ ఇదే పని చేశాడు.

"కూర్చోవడం" అంటే ఆ కుందేలు వెనకో, ముందున్న ప్రత్యర్థి వెనకో నీడలా ఉండిపోవడం. గాలి ఎదురుగా కొట్టే రోజున దీని విలువ తెలుస్తుంది. చెవుల్లో హోరు ఒక్కసారిగా తగ్గుతుంది, ముందున్న మనిషి మడమలు తప్ప ఇంకేమీ చూడనక్కర లేదు. వేగం గురించి ఆలోచించే బాధ్యత కూడా అతనిదే. మర్యాద ఏమిటంటే, ఊరికే కూర్చోకుండా మధ్యలో ఒకసారి ముందుకు వచ్చి మీరూ గాలి కాయాలి. ఈ మర్యాద అందరికీ ఉండదు.

గోడ విషయానికి వస్తే, ఈ మాట నాకు మేలు కంటే కీడే ఎక్కువ చేసింది. శరీరం కండరాల్లోనూ కాలేయంలోనూ గ్లైకోజెన్‌గా నిలవచేసుకున్న ఇంధనం చాలామందికి ముప్పై, ముప్పై రెండు కిలోమీటర్ల దగ్గర అడుగంటుతుంది. అప్పుడు కొవ్వు కరిగించి శక్తి తీయాలి, అది అంత త్వరగా జరిగే పని కాదు. జరిగేది ఇదే. కానీ గోడ అనగానే అదొక చోటు అనిపిస్తుంది, అక్కడ అది కట్టి ఉన్నట్టు, అందరూ గుద్దుకోక తప్పదన్నట్టు. నేను రెండేళ్ళపాటు ఇరవై ఎనిమిదో కిలోమీటరు నుంచే దాని కోసం ఎదురుచూస్తూ పరుగెత్తాను. ఎదురుచూస్తే ఏదైనా వస్తుంది. నిజానికి ముందు అతిగా పరుగెత్తినవాడికి అది ఇరవై ఐదు దగ్గరే రావచ్చు, వేళకు శక్తినిచ్చే జెల్ తిని నిదానంగా వచ్చినవాడికి అసలు రాకపోవచ్చు.

దీనికే "బాంక్" (bonk, డబ్బుల బ్యాంకు కాదు) అని ఇంకో మాట ఉంది. చాలామంది రెండిటినీ ఒకటిగానే వాడతారు. నేను మాత్రం వేరుచేసి వాడతాను. కాళ్ళు మొరాయిస్తే గోడ, బుర్ర మొరాయిస్తే బాంక్. ఒకసారి ముప్పై మూడో కిలోమీటరు రాయి దాటుతూ, ఇంకా ఎంత ఉందో చూద్దామని నలభై రెండులోంచి ముప్పై మూడు తీసేయబోయాను. రాలేదు. ముందు పదకొండు అనుకున్నాను, కాదని ఏడు అనుకున్నాను, చివరికి వేళ్ళు మడవడం మొదలుపెట్టాను. నీళ్ళ బల్ల దగ్గర ఒక అమ్మాయి కప్పు అందిస్తే తీసుకుని, తాగకుండా చేత్తో పట్టుకుని చాలా దూరం పోయాను. రక్తంలో చక్కెర పడిపోతే మెదడు అలాగే అవుతుందని తర్వాత చదివి తెలుసుకున్నాను. ఆ స్థితికి సరైన పేరు ఒకటి ఉండాలి, బాంక్ అన్న చప్పుడు దానికి సరిగ్గా సరిపోతుంది.

కిక్ అంటే చివర్లో తీసే ఉరుకు. 2012 లండన్ ఒలింపిక్స్ 10,000 మీటర్లలో బ్రిటన్ రన్నర్ మో ఫరా చుట్టుకు సగటున 66 సెకన్ల చొప్పున పరుగెత్తి, చివరి చుట్టును సుమారు 53 సెకన్లలో ముగించాడు. కిక్ అంటే అదీ. నా కిక్ కథ వేరు. ట్రాక్ మీద నా మొదటి పది వేల మీటర్లు, అంటే ఇరవై ఐదు చుట్లు. పదిహేను దాటాక లెక్క తప్పాను. నేను లైను దాటుతుండగా గంట మోగింది. గంట అంటే చివరి చుట్టు. ఉన్నదంతా ఊడ్చి ఉరికాను, మోకాళ్ళు పైకెత్తి, చేతులు ఊపి, ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. లైను దాటి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగగానే చుట్లు లెక్కపెట్టే ఆయన నెమ్మదిగా వచ్చి, "అది ముందున్న వారి గంట. మీకు ఇంకా నాలుగు" అన్నారు. ఆ నాలుగు చుట్లు నేను మరచిపోలేదు. "ల్యాప్ అయిపోవడం" అన్న మాటకు అర్థం, అంటే ముందువారు మనల్ని ఒక చుట్టు దాటిపోవడం, ఆ రోజే నిండుగా తెలిసింది.

తుపాకి సమయం, చిప్ సమయం, పీబీ, టాంజెంట్ అన్న నాలుగు మాటల చుట్టూ జరిగినన్ని తగాదాలు పరుగువాళ్ళ మధ్య మరెక్కడా జరగవు. స్టార్ట్ తుపాకి పేలినప్పటి నుంచి లెక్కించేది మొదటిది, బిబ్‌లోని చిప్ స్టార్ట్ లైను దాటినప్పటి నుంచి లెక్కించేది రెండోది. ప్రపంచ రికార్డులకు లెక్క తుపాకి నుంచే. వెనక వరుసల్లో ఆరు నిమిషాలు నిలబడిన మాలాంటి వాళ్ళకు చిప్పే దిక్కు. పీబీ అంటే మన ఇప్పటివరకటి మంచి సమయం, అమెరికావాళ్ళు పీఆర్ అంటారు. ఇది నోటి మాటగా ఉన్నంత కాలం నన్ను పీడించింది. ఎవరు కలిసినా "పీబీ ఎంత?" అనే అడిగేవారు, నేనూ అడిగేవాణ్ణి.

టాంజెంట్, అంటే మలుపుల మధ్య అతి దగ్గరి గీత, సంగతి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే దీన్ని పట్టించుకునేవారు తక్కువ. మారథాన్ దారిని కొలిచేటప్పుడు మలుపుల్లో అంచుకు 30 సెంటీమీటర్ల దూరంలో, సాధ్యమైనంత దగ్గరి దారిలో కొలుస్తారు. పొరపాటున తక్కువ కాకూడదని వెయ్యికి ఒకటి చొప్పున, అంటే సుమారు 42 మీటర్లు అదనంగా కలుపుతారు. మనం ఆ గీత మీద పరుగెత్తం. గుంపుతోపాటు మలుపుకు వెలుపలి వైపు పోతాం, నీళ్ళ కోసం అటూ ఇటూ తిరుగుతాం. చివరికి వాచీ 42.7 చూపిస్తే నిర్వాహకులు దారి తప్పుగా కొలిచారని ఫిర్యాదు చేస్తాం. నేనూ ఒకసారి చేశాను. తర్వాత మలుపులు కోసుకుంటూ పరుగెత్తడం నేర్చుకున్నాక అదే దారి 42.4 అయింది. కష్టపడి సంపాదించవలసిన వేగం కాదు, ఊరికే వచ్చిన మూడు వందల మీటర్లు. ఇంత లాభం ఇచ్చిన మాట ఇంకోటి లేదు.

సాధన మాటల గురించి క్లుప్తంగానే. స్వీడన్‌లో గోస్టా హోల్మర్ 1930లలో మొదలుపెట్టిన ఫార్ట్‌లెక్ అంటే వేగంతో ఆట. ఆ చెట్టు దాకా ఉరుకు, ఆ మలుపు దాకా నెమ్మది, అంతే. వాచీ అక్కర లేదు, హాయిగా ఉంటుంది. టెంపో అంటే ఒకటి రెండు మాటలకు మించి మాట్లాడలేని వేగం. జంక్ మైళ్ళు అన్న మాటను నేను మానేశాను, ఎందుకంటే నెమ్మదిగా పరుగెత్తిన ఆ కిలోమీటర్లే నన్ను నిలబెట్టాయి. క్యాడెన్స్ 180, అంటే నిమిషానికి 180 అడుగులు, అన్నది మాత్రం నాకు పిక్క నొప్పి తెచ్చిపెట్టింది. 1984 ఒలింపిక్స్‌లో కోచ్ జాక్ డేనియల్స్ మేటి రన్నర్ల అడుగులు లెక్కపెట్టి, దాదాపు అందరూ నిమిషానికి 180కి తగ్గకుండా వేస్తున్నారని గమనించారు. అది పందెం వేగంలో వారి అడుగుల లెక్క. నేను ఉదయపు నింపాది పరుగులో టిక్‌టిక్‌మని లయ కొట్టే మెట్రోనోమ్ పెట్టుకుని అదే సంఖ్య కొట్టాలని చూశాను. మూడు వారాలు కుంటుతూ నడిచాను.

టేపర్ అంటే పోటీకి ముందు రెండు, మూడు వారాలు పరుగు తగ్గించడం. పనిచేస్తుంది. కాకపోతే ఆ రోజుల్లో లేని నొప్పులన్నీ వస్తాయి, ఎవరు తుమ్మినా అనుమానమే, ఇంట్లోవాళ్ళకు మనతో పడదు.

స్టార్ట్ లైను దగ్గర వినిపించే "ఇవాళ ఊరికే సరదాగా" అన్న మాటను నమ్మకండి. తన సత్తా దాచి తక్కువ చెప్పుకోవడాన్ని శాండ్‌బ్యాగింగ్ అంటారు. ఇసుక బస్తా మోస్తున్నట్టు నటించేవాడు మొదటి మలుపులోనే దాన్ని దింపేస్తాడు. మాటలతో ఆడే ఆటలో అందరికీ గురువు చెక్ రన్నర్ ఎమిల్ జటోపెక్ అని నా ఉద్దేశం. 1952 హెల్సింకిలో ఆయనకు అదే మొదటి మారథాన్. దారిలో అప్పటి మేటి జిమ్ పీటర్స్‌ను, వేగం సరిగ్గా ఉందా అని అడిగారట. మరీ నెమ్మదిగా ఉందని పీటర్స్ ఆటపట్టించబోతే, జటోపెక్ ఆ మాట పట్టుకుని ముందుకు వెళ్ళిపోయారు. పీటర్స్ పందెం పూర్తిచేయలేదు. జటోపెక్ గెలిచారు.

పూర్తిచేయకపోతే ఫలితాల్లో పేరు పక్కన డీఎన్ఎఫ్ అని పడుతుంది. అసలు మొదలుపెట్టకపోతే డీఎన్ఎస్. డీఎన్ఎఫ్‌ల్లో పెద్దది జపాన్ రన్నర్ షిజో కనకురిది. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో ఎండకు తాళలేక మధ్యలో ఆగిపోయి, ఎవరికీ చెప్పకుండా ఇంటికి వెళ్ళిపోయాడు. 1967లో పిలిపించి పూర్తిచేయించారు. సమయం 54 ఏళ్ళ 8 నెలల 6 రోజుల 5 గంటల 32 నిమిషాల 20.3 సెకన్లు.

నాకు రెండూ ఉన్నాయి. డీఎన్ఎఫ్‌ను చాలా కాలం ఎవరికీ చెప్పలేదు. పిక్క కండరం పట్టేసి ఇరవై తొమ్మిది దగ్గర, ఆగిపోయినవారిని ఎక్కించుకునే స్వీప్ బండి ఎక్కాను. లోపల అప్పటికే ఐదుగురు ఉన్నారు, ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. డీఎన్ఎస్ మొన్నటిది. పోటీకి ముందు రాత్రి నూట రెండు జ్వరం. "రెండు మాత్రలు వేసుకుని వెళ్ళు" అని ఫోనులో ఒకరు, "నీ పీబీకి ఇదే మంచి దారి కదా" అని ఇంకొకరు. అలారం ఆపేసి పడుకున్నాను. ఆ బిబ్, నాలుగు పిన్నులతో సహా, కవరు విప్పకుండా సొరుగులో ఉంది.