పాత కారు ఇంజిన్ మిస్సవుతుంటే: స్కానర్ ముందా, పానా ముందా?

కాజీపేట వంతెన ఎక్కుతూ ఇంజిన్ మిస్సవుతూ (సిలిండర్‌లో పెట్రోలు సరిగా మండక) కొట్టుకుని ఆగిపోతోందా? కారు కంప్యూటర్‌లోని లోపం కోడు చదివే స్కానర్ పెట్టించాలా, పానాతో ప్లగ్గులు విప్పి చూడాలా?

ఖర్చు: స్కానింగ్‌కు డబ్బివ్వాలి. స్పార్కు ప్లగ్గులు విప్పడానికి పానా, కాస్త ఓపిక చాలు.

కచ్చితత్వం: స్కానర్ పీ0302 అంటే రెండో సిలిండర్ మిస్సవుతోందని, అంతే. కాయిలా (ప్లగ్గుకు కరెంటిచ్చేది), ప్లగ్గా, ఇంజెక్టరా (పెట్రోలు చిమ్మేది) చెప్పదు. కోడు చూసి కాయిల్ కొనేయకండి! సిలిండర్‌కొక విడి కాయిల్ ఉంటే రెండోదాన్ని మూడోదానితో తారుమారు చేయండి. కోడు పీ0303 (మూడో సిలిండర్) అయితే కాయిలే దోషి. ప్లగ్గు మొన పొడిమసితో నల్లబడితే సాధారణంగా పెట్రోలు ఎక్కువవుతున్నట్టు; పెట్రోలుతో తడిస్తే స్పార్కును అనుమానించాలి.

రిస్కు: వేడి ఇంజిన్‌లో ప్లగ్గు విప్పితే ఇంజిన్ హెడ్‌లో ప్లగ్గు బిగే మరలు చెడొచ్చు.

కార్బురేటర్ (ఇంజెక్టర్లు లేని పాత పద్ధతి) ఉన్న మారుతి 800కు స్కానర్ పోర్టే ఉండదు, పానాయే దిక్కు. ఇంజెక్షన్ కారులో చెక్ ఇంజిన్ దీపం వెలిగితే స్కానరే ముందు. దీపం వెలగకుండా సిగ్నళ్ల దగ్గరే ఆగుతుంటే వాక్యూమ్ గొట్టాలు (గాలి లీకవుతోందేమో), థ్రాటిల్ (ఇంజిన్‌లోకి గాలిని వదిలే తలుపు) చూడండి.