ఆరో ఏట నా గ్రాఫిక్స్ కార్డు

కంప్యూటర్‌లో తెర మీది బొమ్మను, వీడియో పనిని చూసుకునేది గ్రాఫిక్స్ కార్డు. 2020 సంక్రాంతికి ముందు కొన్న కార్డు ఇది. ఎన్విడియా జీటీఎక్స్ 1660 సూపర్ చిప్పు, 6 జీబీ మెమరీ, రెండు ఫ్యాన్లు. అప్పట్లో 20,000 రూపాయలకు పైనే పెట్టాను. తిరుపతి బైరాగిపట్టెడలో మా ఇంటి ముందుగదిలో కూర్చుని పెళ్లి వీడియోలు ఎడిట్ చేయడం నా పని. ముహూర్తాలు మొదలైతే తిరుమల, తిరుచానూరు, ఊళ్లోని కల్యాణమండపాలు అన్నింటి నుంచి ఒకేసారి హార్డ్‌డిస్కులు వచ్చి పడతాయి. ఈ కార్డు ఆగితే ఇంట్లో పొయ్యి ఆగినట్టే. మధ్యలో ఒకసారి దుకాణంవాళ్లు ఇది చచ్చిపోయిందని తేల్చేశారు. ఈ రోజుకూ దాని మీదే పని చేస్తున్నాను.

మంచి మాట ముందు చెబుతాను. ఈ చిప్పులో వీడియోను కుదించి రాసే ఎన్‌వీఈఎన్‌సీ భాగం ఎన్విడియా ట్యూరింగ్ తరానిది. అదే వరుసలో తక్కువ ధరకు వచ్చిన మొదటి 1650లో అంతకు ముందు తరం భాగం పెట్టారు. వీడియో పని చేసేవారికి ఆ తేడా ముఖ్యం. ఫుల్ హెచ్‌డీ పెళ్లి వీడియోలకు నాకు ఏనాడూ లోటు రాలేదు. డావించి రిజాల్వ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో రంగులు సరిదిద్దుతుంటే చేయి ఎంత వేగంగా కదిలితే తెర మీద బొమ్మ అంత వేగంగా మారేది. పైగా మొత్తం కార్డు తీసుకునేది 125 వాట్లే. నాలుగేళ్లు కార్డు ఉన్న సంగతే మరిచిపోయి పని చేసుకున్నాను.

2024 మార్చిలో మొదలైంది బాధ. రాత్రి పదకొండు దాటింది. తలంబ్రాల ఘట్టం రెండర్ అవుతోంది, అంటే ఎడిట్ చేసిన ముక్క పూర్తి వీడియోగా తయారవుతోంది. ఉన్నట్టుండి తెర నల్లబడింది. స్పీకర్లలో నాదస్వరం మాత్రం ఇంకా వినిపిస్తూనే ఉంది. క్యాబినెట్‌లో ఫ్యాన్లు ఒక్కసారిగా హోరెత్తాయి. పది క్షణాల తర్వాత పాట కూడా ఒకే స్వరం దగ్గర గీరుకుపోయి నిలిచిపోయింది. బటన్ నొక్కిపట్టి ఆపి, మళ్లీ వేస్తే ఏమీ జరగనట్టు విండోస్ తెరుచుకుంది. మర్నాడు మళ్లీ అదే. వారం తిరిగేసరికి రోజుకు మూడు నాలుగు సార్లు.

విండోస్ తనలో జరిగిన తప్పులను రాసిపెట్టుకునే ఈవెంట్ వ్యూయర్ తెరిచి చూశాను. అక్కడ రెండు నంబర్లు పదేపదే కనిపించాయి. ఒకటి 4101: డిస్‌ప్లే డ్రైవర్ (కార్డును నడిపే సాఫ్ట్‌వేర్) స్పందించడం మానేసి తిరిగి కోలుకుందని. గ్రాఫిక్స్ కార్డు రెండు క్షణాల్లో బదులివ్వకపోతే విండోస్ దాన్ని మళ్లీ మొదలుపెట్టడానికి ప్రయత్నిస్తుంది. ఆ ప్రయత్నానికి గుర్తు ఈ నంబరు. రెండోది కర్నల్ పవర్ 41. దీన్ని చూసి చాలామంది ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టె) పోయిందని వెంటనే తీర్పు చెప్పేస్తారు. నిజానికి అది చెప్పేది ఒక్కటే, కంప్యూటర్ పద్ధతిగా మూతపడలేదని. బటన్ నొక్కిపట్టి ఆపింది నేనే కాబట్టి ఆ నంబరు రావడం సహజం. దాని మీద ఆధారపడి ఏదీ కొనకండి.

ముందు ఖర్చులేనివన్నీ చేశాను. హెచ్‌డీఎంఐ వైరు మార్చాను. ఇంటర్నెట్ తీసేసి, సేఫ్ మోడ్‌లోకి వెళ్లి, డీడీయూ అనే ప్రోగ్రామ్‌తో పాత డ్రైవర్‌ను ఆనవాలు లేకుండా తుడిచి కొత్తది వేశాను. ఇంటర్నెట్ ఉంచితే విండోస్ తనంతట తానే ఏదో ఒక డ్రైవర్ తెచ్చి పెట్టేస్తుంది, శ్రమంతా వృథా. కార్డు ఊడదీసి, బంగారు రంగు పళ్లను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి మళ్లీ గట్టిగా కూర్చోబెట్టాను. రెండు రోజులు బాగుంది. మూడో రోజు మళ్లీ తెర నలుపు.

దుకాణానికి తీసుకెళ్తే పావుగంటలో తేల్చేశారు. "అన్నా, చిప్పు పోయింది. వేడి చేసి చూడొచ్చు కానీ ఎన్నాళ్లు నిలుస్తుందో చెప్పలేం. కొత్తది తీసుకోండి." వేడి చేస్తే కొన్నాళ్లు పనిచేయవచ్చు, అంతే. లోపల విడిపోయిన అతుకు మళ్లీ విడిపోతుంది. అందుకు నేను ఒప్పుకోలేదు. పోనీ పరీక్ష కోసం అంటూ వాళ్లే జీటీ 710 అనే చిన్న కార్డు ఒకటి చేతికిచ్చారు. అది పెట్టి రెండు రోజులు నడిపితే ఒక్కసారి కూడా తెర నల్లబడలేదు. ఇంకేముంది, నా కార్డే పాడైందని నేనూ నమ్మేశాను.

ఆ నమ్మకం తప్పు. ఇది వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ ఒక్కచోటే వేల రూపాయలు పోతాయి. జీటీ 710 తీసుకునేది 19 వాట్లు. దానికి విడిగా కరెంటు వైరే అక్కర్లేదు, మదర్‌బోర్డు స్లాటు (కార్డును గుచ్చే చోటు) నుంచే సరిపోతుంది. స్లాటు ఇవ్వగలిగేది గరిష్ఠంగా 75 వాట్లు. నా కార్డుకు కావలసినది 125 కాబట్టి మిగతాది ఎనిమిది పిన్నుల వైరు మోయాలి. అంటే చిన్న కార్డు పెట్టి చూసినప్పుడు ఆ వైరును, దాని వెనుక ఉన్న ఎస్‌ఎంపీఎస్‌ను అసలు పరీక్షించనే లేదు. స్లాటు బాగుందని మాత్రమే తేలింది.

ఈ సంగతి నాకు తట్టింది తిరుచానూరులో మా అక్క ఇంటికి కార్డు తీసుకెళ్లాక. మేనల్లుడు పాలిటెక్నిక్ చదువుతున్నాడు, ఇంట్లో మంచి కంప్యూటర్ ఉంది. నా కార్డును అందులో బిగించి, కార్డు మీద పూర్తి భారం వేసి పరీక్షించే ఫర్‌మార్క్ నడిపాం. అరగంట, గంట, రెండు గంటలు. అక్క భోజనం పెట్టింది, తిని వచ్చి చూస్తే ఇంకా తిరుగుతూనే ఉంది. ఆ క్షణంలో నాకు కలిగిన ఊరట మాటల్లో పెట్టలేను. ఎండాకాలం ముహూర్తాలు ముందున్నాయి, చేతిలో కొత్త కార్డుకు డబ్బు లేదు.

సాయంత్రం వాడే నాతో మా ఇంటికి వచ్చాడు. క్యాబినెట్ పక్క రేకు తీసి, సెల్‌ఫోను వెలుతురులో ఒక్కో వైరూ పట్టి చూస్తూ కార్డు దగ్గర ఆగాడు.

"మామా, ఇది చూడు. ఇక్కడ ప్లగ్గు రంగు మారింది."

2020లో కార్డు బిగించినప్పుడు నా ఎస్‌ఎంపీఎస్‌కు ఎనిమిది పిన్నుల వైరు లేదు. రెండు మోలెక్స్ ప్లగ్గులను (పాత హార్డ్‌డిస్కులకు కరెంటు ఇచ్చే నాలుగు పిన్నుల ప్లగ్గులు) కలిపి ఎనిమిది పిన్నులుగా మార్చే ముక్క ఒకటి వేసి పంపారు. ఆ రెండు మోలెక్స్ ప్లగ్గుల్లో ఒకదాని తెల్ల ప్లాస్టిక్, పసుపు వైరు దూరే రంధ్రం చుట్టూ, మాడిన పాల మీగడ రంగులోకి తిరిగింది. లాగితే తేలిగ్గా రాలేదు. వచ్చాక చూస్తే లోపలి పిన్ను నల్లబడి, గొట్టంలా బిగుసుకుని ఉండాల్సిన దాని నోరు వెడల్పయింది. దగ్గరగా వాసన చూస్తే కాలిన బేకలైట్ వాసన.

మోలెక్స్ ప్లగ్గులో 12 వోల్టులు మోసే పిన్ను ఒక్కటే, పసుపుది. ఎనిమిది పిన్నుల ప్లగ్గులో అలాంటివి మూడు. అంటే మూడు దారుల్లో పోవలసిన కరెంటు నాలుగేళ్లుగా రెండు దారుల్లో ఇరుకుగా పోయింది. ఒక పిన్ను కాస్త వదులైతే అక్కడ వేడి పుడుతుంది, వేడికి లోహం ఇంకా వదులవుతుంది. ఆ వరస అలా సాగుతూనే ఉంటుంది. మేనల్లుడు మల్టీమీటరు తెచ్చి ప్లగ్గు వెనుక వైపు నుంచి వోల్టేజి కొలిచాడు. ఖాళీగా ఉన్నప్పుడు 12 వోల్టులు దాటి చూపించింది. రెండర్ మొదలుపెట్టగానే 11.1కి పడిపోయింది. ఆ ఎస్‌ఎంపీఎస్ నాటి ఏటీఎక్స్ ప్రమాణం (ఎస్‌ఎంపీఎస్‌లు పాటించాల్సిన కొలతలు) ప్రకారం 12 వోల్టుల లైను ఐదు శాతానికి మించి తగ్గకూడదు, అంటే 11.4 కన్నా కిందికి దిగకూడదు. తలంబ్రాల దగ్గర తెర ఎందుకు నల్లబడేదో అక్కడ దొరికింది. కొలవడం తెలిసినవాళ్లే ఈ పని చేయండి, మీటరు సూది జారితే పక్క పిన్నును తాకి అసలుకే మోసం వస్తుంది.

కొత్త ఎస్‌ఎంపీఎస్ 550 వాట్లది తీసుకున్నాను, కరెంటు వృథా తక్కువని చెప్పే 80 ప్లస్ బ్రాంజ్ గుర్తుతో, దానికదే ఎనిమిది పిన్నుల వైరు ఉన్నది. కొత్త కార్డు ధరలో అది చిన్న భాగం. ఆ రోజు నుంచి ఇప్పటిదాకా తెర ఒక్కసారి కూడా నల్లబడలేదు.

రెండో కథ వేడిది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, తిరుపతిలో ఆ మాట అక్షరాలా నిజం అనిపిస్తుంది. మే నెలాఖరులో రెండర్ నెమ్మదించడం గమనించి, వేడి కొలతలు చూపే హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో తెరిచాను. చిప్పు వేడి 84 డిగ్రీలు, హాట్‌స్పాట్ (చిప్పులో అన్నిటికన్నా వేడెక్కే చోటు) 106. ఈ రెండు అంకెల మధ్య దూరం పదిహేను లోపు ఉంటే నేను పట్టించుకోను. ఇరవై దాటితే, చిప్పు వేడిని పైనున్న లోహపు హీట్‌సింకుకు చేరవేసే పేస్టు ఎండిపోయిందని అనుమానించాలి. ఒక ఫ్యాను కూడా తిరగడానికి ముందు కాసేపు వణికేది.

వారంటీ 2023లోనే ముగిసింది కాబట్టి ధైర్యంగా విప్పాను. వారంటీ ఉంటే ముందు కంపెనీకే పంపండి. ఐదు నిమిషాలు నడిపి కార్డును కొంచెం వెచ్చబెట్టాక, విద్యుత్తు పూర్తిగా తీసేసి విప్పితే ఎండిన పేస్టు పట్టు వదులుతుంది. వెనుక నాలుగు స్ప్రింగు స్క్రూలను ఎదురెదురుగా కొద్దికొద్దిగా వదులు చేయాలి. హీట్‌సింకును నిట్టనిలువునా లాగకుండా మెల్లగా అటూ ఇటూ తిప్పితే ఊడుతుంది. కింద పేస్టు పాత గోడ సున్నంలా పెళుసుబారి పొలుసులుగా రాలింది. రేకుల సందుల్లో దుమ్ము మామూలు దుమ్ములా లేదు, దళసరి బూడిద రంగు పొరలా అంటుకుపోయి ఉంది. మా ముందుగది మూలలోనే దేవుడి పటాలు, రోజూ అగరొత్తులు. ఆ పొగ దుమ్మును జిగటగా మార్చేస్తుంది. బ్లోయరు కొడితే పోలేదు, బ్రష్షుతో ఒక్కో సందూ గీకవలసి వచ్చింది. బ్లోయరు వాడేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో పట్టుకోవాలి, లేకపోతే గాలికి అతివేగంగా తిరిగి బేరింగు పాడవుతుంది.

మెమరీ చిప్పుల మీది మెత్తని ప్యాడ్లను కదపలేదు. వాటి మందం తేడా వస్తే హీట్‌సింకు అసలు చిప్పును తాకదు. కొత్త పేస్టును చిప్పు మొత్తం కప్పేలా పల్చగా పరిచాను. ఫ్యాన్ల వెనుక కాగితం మీద ఉన్న మోడల్ నంబరు చూసి అదే జత తెప్పించి వేశాను. అదే గదిలో, అదే ఎండలో, అదే రెండర్‌కు చిప్పు 71 డిగ్రీలు, హాట్‌స్పాట్ 83. అంకెలు చూసి మా ఆవిడను పిలిచి మరీ చూపించాను. ఇప్పుడు దేవుడి పటాలు వంటింటి పక్క గదిలో ఉన్నాయి, ఆ మార్పు ఆమె ఆలోచనే.

కార్డుకు పరిమితులు లేవని అనను. ఈ మధ్య ఫోటోగ్రాఫర్లు 4కే పది బిట్ల ఫైళ్లు ఇస్తున్నారు. వాటి మీద బొమ్మలోని చుక్కలు తగ్గించే నాయిస్ రిడక్షన్ పెడితే 6 జీబీ మెమరీ చాలదు, జీపీయూ (గ్రాఫిక్స్ చిప్పు) మెమరీ నిండిపోయిందన్న సందేశం వచ్చి రెండర్ ఆగిపోతుంది. ఇది మరమ్మతు చేసుకునే లోపం కాదు. అలాంటి పనులకు ముక్కలు ముక్కలుగా రెండర్ చేసి అతికిస్తున్నాను.

పాతది కొనాలనుకునేవారికి ఒక మాట. 2021లో క్రిప్టో కరెన్సీ తవ్వకాల కోసం ఈ రకం కార్డులను రాత్రింబవళ్లు నడిపినవారు చాలామంది. చెన్నైలో ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే రిచీ స్ట్రీట్‌కు వెళ్లినా, ఊళ్లో కొన్నా, కార్డు వివరాలు చూపే జీపీయూ జెడ్ ప్రోగ్రామ్ తెరిచి చూడండి. 1660 సూపర్‌కు కోర్లు (చిప్పులో లెక్కలు చేసే భాగాలు) 1408 ఉండాలి, పేరు ముందు ఫేక్ అన్న మాట ఉండకూడదు. అరగంట ఫర్‌మార్క్ నడపనివ్వని చోట కొనకండి. మీ ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ అక్షరం ఉన్న ఇంటెల్ రకమైతే దానికి సొంత గ్రాఫిక్స్ ఉండదు, కార్డు ఆగిన రోజు తెర మీద ఏమీ కనిపించదు. అలాంటివాళ్లు ఒక చిన్న పాత కార్డును ఇంట్లో ఉంచుకోవడం మంచిది. కానీ దానితో ఎస్‌ఎంపీఎస్‌ను పరీక్షించకండి.

వచ్చే ఫిబ్రవరిలో, ఎండలు ముదరకముందే, మళ్లీ ఒకసారి విప్పి చూస్తాను. పేస్టు ట్యూబులో ఇంకా సగం మిగిలే ఉంది.