పాత మినీని ట్రాక్ మీదికి దించాలంటే: ఎస్‌యూ కార్బురేటర్ మేలా, వెబర్ మేలా?

ఇంగ్లండ్‌లో ట్రాక్ డేలకు (సొంత కార్లను రేస్ ట్రాక్ మీద నడిపే రోజులకు) వచ్చే చిన్న పాత కార్లలో మినీకి పేరు తెచ్చిందీ, దాని యజమానిని తికమక పెట్టేదీ ఆ ఇంజినే. 1951లో ఆస్టిన్ ఏ30 కారు కోసం 803 సీసీలతో మొదలైన ఏ-సిరీస్ ఇంజిన్ 1964లో మినీ వేగపు రకమైన కూపర్ ఎస్ నాటికి 1275 సీసీలకు పెరిగింది గాని, నాలుగు సిలిండర్లకూ కలిపి గాలి లోపలికి వెళ్లే దారులు మాత్రం రెండే ఉండిపోయాయి. ఒకటీ రెండూ సిలిండర్లకు ఒక దారి, మూడూ నాలుగూ సిలిండర్లకు మరొకటి. కార్బురేటర్ (గాలిలో పెట్రోలు కలిపి ఇంజిన్‌కు అందించే భాగం) మొదలుకొని ఏ భాగం కొనాలన్నా ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లు మండే వరుస) 1-3-4-2 కావడంతో రెండో సిలిండర్ గాలి పీల్చడం పూర్తికాకముందే ఒకటో సిలిండర్ అదే దారిలో పీల్చడం మొదలుపెడుతుంది, ఆ తర్వాత ఆ దారి చాలాసేపు ఖాళీగా ఉంటుంది. రెండు గొట్టాల వెబర్ 45 డీసీఓఈ కార్బురేటర్‌ను బిగిస్తే ఒక్కో గొట్టం ఒక్కో దారికి పోతుంది కనుక, ప్రతి గొట్టమూ రెండుసార్లు గబగబా లాగి ఆగిపోతూ ఉంటుంది. ఒకే గొట్టమున్న ఎస్‌యూ హెచ్ఐఎఫ్44 కార్బురేటర్ ఒక్కటే ఉంటే నాలుగు సిలిండర్ల లాగుడూ దాని మీదనే వరుసగా, సమాన వ్యవధిలో పడుతుంది.

ఎస్‌యూ పనితీరు చూడముచ్చటగా ఉంటుంది. ఎయిర్ ఫిల్టర్ తీసి, కార్బురేటర్ లోపలి పిస్టన్‌ను వేలితో పైకెత్తితే, అది నూనె అడ్డుకోవడం వల్ల నింపాదిగా లేస్తుంది, వదిలితే అడ్డు లేకుండా దిగి, చివర తక్కుమని కూర్చుంటుంది. ఇంజిన్ ఎంత గాలి అడిగితే ఆ పిస్టన్ అంత లేస్తుంది, దానికి అమర్చిన కోసుగా ఉన్న సూది అంతకు తగ్గ పెట్రోలునే వదులుతుంది. మలుపు మధ్యలో తక్కువ ఆర్‌పీఎం దగ్గర యాక్సిలరేటర్‌ను ఒక్కసారిగా తొక్కినా ఇంజిన్ తడబడకపోవడానికి కారణం ఇదే. వెబర్‌లో చోక్ (గొట్టంలో గాలి వెళ్లే ఇరుకు భాగం) కొలత స్థిరం. అది పెద్దదైతే పై ఆర్‌పీఎంలో బాగా లాగుతుంది గాని కింద ఇంజిన్ బరువెక్కుతుంది. పెట్రోలు, గాలి పాళ్లను నిర్ణయించే మెయిన్ జెట్, ఎయిర్ జెట్, ఎమల్షన్ ట్యూబ్, ఐడిల్ జెట్ అన్నిటినీ విడివిడిగా మార్చుకోగలగడం దాని బలం, కారును రోలర్ల మీద నడిపి సరిచేసే రోలింగ్ రోడ్ మీద గంటల లెక్కన ఖర్చవడం దాని బలహీనత. పైగా మినీలో కార్బురేటర్ ఇంజిన్‌కూ ఫైర్‌వాల్‌కూ (ఇంజిన్‌ను సీట్ల భాగం నుంచి వేరుచేసే రేకు గోడకూ) మధ్య ఇరుకులో ఉంటుంది కాబట్టి చాలా కార్లలో ఆ రేకు కోయక తప్పదు. (ఆ శబ్దం మాత్రం వినాల్సిందే, ఒప్పుకుంటాను.)

ఫ్యాక్టరీ లెక్కలే చూద్దాం. రెండు చిన్న ఎస్‌యూలతో కూపర్ ఎస్ 76 హార్స్‌పవర్ ఇస్తే, ఆ తర్వాత వచ్చిన ఎంజీ మెట్రో కారు అదే 1275 సీసీలతో, ఒకే హెచ్ఐఎఫ్44తో 72 ఇచ్చింది. ఒక్క కార్బురేటర్ వల్ల పెద్దగా వెలితి లేదు, అసలు తేడా అంతా హెడ్ (సిలిండర్లపై వాల్వులుండే మూత), క్యామ్ (వాల్వులను తెరిచే కడ్డీ) పనిలోనే ఉంది.

క్యామ్ విషయంలో నా పక్షపాతం దాచుకోను. వాల్వులను తెరిచి ఉంచే వ్యవధి 300 డిగ్రీలు దాటిన రేస్ క్యామ్ వేస్తే వాల్వులు ఎక్కువసేపు తెరిచి ఉండి, పైన చెప్పినట్టు ఒక సిలిండర్ గాలిని మరొకటి లాక్కునే దొంగతనం ఇంకా ముదురుతుంది. మామూలు మినీ గేర్‌బాక్స్‌లో గేర్లు నాలుగే కాబట్టి గేరు మార్చిన ప్రతిసారీ ఆర్‌పీఎం బాగా పడిపోయి, ఇంజిన్ తన బలమున్న చోటు నుంచి జారిపోతుంది. 270 డిగ్రీల ప్రాంతంలోని క్యామ్, పోర్టులు (గాలి దారులు) శుభ్రంగా సరిచేసిన హెడ్, దానికి హెచ్ఐఎఫ్44: ట్రాక్ డేకు నేనైతే ఈ జతే తీసుకుంటాను. క్లోజ్-రేషియో గేర్లు (ఒకదానికొకటి దగ్గరి నిష్పత్తులున్నవి) వేయించుకుని, పూర్తిగా రేసులకే కారు కేటాయించినవారికి వెబర్ సబబే.

బోరింగ్ (సిలిండర్ల రంధ్రాలను కోసి వెడల్పు చేయడం) సంగతి క్లుప్తంగా చెప్పవచ్చు. 70.6 మిల్లీమీటర్ల బోరును కొద్దిగా పెంచి 1293 సీసీలకు తీసుకెళ్తే బ్లాకులో మరో రెండు బోరింగ్‌లకు చోటు మిగులుతుంది, 73.5 మిల్లీమీటర్లతో 1380కి వెళ్తే సిలిండర్ల మధ్య హెడ్ గాస్కెట్ (హెడ్ కింద బిగించే సీలు) ఆనే చోటు సన్నబడిపోతుంది. అక్కడ ఆదా అయిన డబ్బును ఆయిల్ కూలర్ మీద పెట్టడం మేలు, ఎందుకంటే మినీలో ఇంజిన్‌కూ గేర్‌బాక్స్‌కూ ఆయిల్ ఒకటే, గేర్ల పళ్ల మధ్య నలిగి వేడెక్కిన ఆ ఆయిలే బేరింగులకూ వెళుతుంది.