డెమో క్లాసు చూసి స్పోకెన్ ఇంగ్లీష్ కోర్సుకు డబ్బు కట్టేయకండి

ఆన్‌లైన్‌లో స్పోకెన్ ఇంగ్లీష్ కోర్సు కోసం వెతుకుతున్నవాళ్ళు ఫీజు కట్టే ముందు ఇది ఒక్కసారి చదవండి. ముఖ్యంగా "30 రోజుల్లో ఫ్లూయెంట్‌గా మాట్లాడిస్తాం" అనే ప్రకటన చూసి చేరదామా అని ఊగిసలాడుతున్నవాళ్ళు. నేను అలాగే చేరాను. ఒక్క క్లాసు కూడా మానలేదు. డబ్బూ పోయింది, నా తప్పులూ ఎక్కడివక్కడే ఉన్నాయి.

డెమో క్లాసు దగ్గరే నేను పడిపోయాను. ఆ రోజు క్లాసు తీసుకున్న మేడమ్ నిజంగా బాగా చెప్పింది. అరగంట సేపు నేనూ ఆవిడే. నాకు మాట దొరక్కపోతే ఓపిగ్గా ఆగింది, తప్పు పోతే దిద్ది మళ్ళీ నాచేతే అనిపించింది. ఇలాంటి క్లాసు నెల రోజులు దొరికితే ఇంకేం కావాలి అనిపించింది. ఇంతలో "ఈ రాత్రి దాటితే డిస్కౌంట్ ఉండదు" అని రెండుసార్లు ఫోన్ చేశారు. ఆ టెన్షన్‌లో షరతులు చదవకుండా మొత్తం ఫీజు ఒకేసారి కట్టేశాను. ఆ మేడమ్ మళ్ళీ ఏ క్లాసులోనూ కనబడలేదు.

అసలు బ్యాచ్‌లో మేము 64 మందిమి. గంట క్లాసులో 40 నిమిషాలు టీచర్ స్క్రీన్ మీద టెన్స్‌ల పట్టిక పెట్టి చదువుకుంటూ పోయేవాడు. మిగతాది ప్రాక్టీస్. పేరు పిలిచినప్పుడు మైక్ ఆన్ చేసి రెండు వాక్యాలు చెప్పాలి, అంతే. నా వంతు కోర్సు మొత్తంలో 9 సార్లు వచ్చింది. వచ్చిన ప్రతిసారీ నోట్‌బుక్‌లో రాసుకున్నాను, అన్నీ కలిపినా 7 నిమిషాలు కాలేదు. విదేశాల్లో చదువుకో ఉద్యోగానికో వెళ్ళేవాళ్ళు రాసే ఇంగ్లీష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌లో స్పీకింగ్ భాగం ఒక్కటే 11 నుంచి 14 నిమిషాలు ఉంటుంది, అదీ ఎగ్జామినర్‌తో ఒక్కరే మాట్లాడాలి. నేను కోర్సంతా కలిపి మాట్లాడింది అందులో సగం.

మాట్లాడిన ఆ కాస్తయినా సరిగ్గా దిద్ది ఉంటే ఇంత బాధపడేదాన్ని కాదు. ఒకరోజు ఉద్యోగం గురించి చెప్పమంటే "ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ టూ ఇయర్స్" అన్నాను. "వెరీ గుడ్, నెక్స్ట్" అన్నాడు. అది తప్పని నాకు తెలిసింది నెల తర్వాత, ఒక స్నేహితురాలు చెబితే. తెలుగులో "రెండేళ్ళ నుంచి పనిచేస్తున్నాను" అంటాం కదా, ఆ "నుంచి" సిన్స్ అయిపోతుంది, "చేస్తున్నాను" కాస్తా యామ్ వర్కింగ్ అయిపోతుంది. ఇంగ్లీషులో ఎప్పుడు మొదలైందో చెబితే సిన్స్, ఎంత కాలమో చెబితే ఫర్. క్రియ కూడా మారాలి: "ఐ హ్యావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ టూ ఇయర్స్".

ఇలాంటిదే ఇంకోటి. "నిన్న రాలేదా?" అని అడిగితే మనం "అవును, రాలేదు" అంటాం. ఇంగ్లీషులో అక్కడ "నో, ఐ డిడంట్" అనాలి. ఒట్టి "యెస్" అని ఊరుకుంటే వచ్చామని అనుకుంటారు. ఇవన్నీ పట్టికలో చూసినప్పుడు తెలిసినట్టే ఉంటాయి. నోరు తెరిచాకే బయటపడతాయి, ఆ క్షణంలో పట్టుకుని దిద్దే మనిషి ఉండాలి. మనం ఫీజు కట్టేది ఆ మనిషి కోసమే. టెన్స్‌ల పట్టికలు ఉచితంగా ఎక్కడైనా దొరుకుతాయి.

వాళ్ళిచ్చిన నోట్సు కూడా నమ్మదగ్గదిగా లేదు. "లెట్ అస్ డిస్కస్ అబౌట్ ద ప్రాబ్లమ్" అని నమూనా వాక్యం ఇచ్చారు. డిస్కస్ తర్వాత అబౌట్ రాదు. బ్యాచ్‌లో ఒకబ్బాయి గ్రూపులో ఈ మాట అడిగితే మెసేజ్ తీసేశారు.

అన్నిటికంటే నాకు కోపం తెప్పించింది సర్టిఫికెట్. పరీక్షంటూ ఏదీ పెట్టకుండానే నా పేరు పక్కన "సీఈఎఫ్ఆర్ బి2" అని వేసి పంపారు. సీఈఎఫ్ఆర్ అంటే కౌన్సిల్ ఆఫ్ యూరప్ 2001లో ప్రచురించిన భాషా ప్రమాణం. ఎ1 నుంచి సి2 దాకా 6 స్థాయిలు, బి2 కింది నుంచి నాలుగోది. ఆ కౌన్సిల్ కోర్సులకు గుర్తింపు ముద్ర వేయదు, కాబట్టి ఆ అక్షరాలు కాగితం మీద ఎవరైనా వేసుకోవచ్చు. బి2 చేరడానికి మొదటినుంచి మొత్తం 500 నుంచి 600 గంటల శిక్షణ పడుతుందని కేంబ్రిడ్జ్ పరీక్షల సంస్థ అంచనా. ఎ2 దగ్గరున్నవాళ్ళకైనా ఇంకో 300 గంటలకు పైనే కావాలి. రోజుకో గంట చొప్పున 30 రోజులంటే 30 గంటలు. ఈ లెక్క నేను ముందే వేసుకోవాల్సింది. ఆ సర్టిఫికెట్ నమ్మి ఎవరైనా ఇంటర్వ్యూలో చూపిస్తే వాళ్ళ పరిస్థితి ఏమిటి?

రీఫండ్ సంగతి. "7 రోజుల్లో అడిగితే పూర్తి డబ్బు వాపస్" అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. ఆ 7 రోజులూ రికార్డెడ్ వీడియోలే ఇచ్చారు. లైవ్ క్లాసు మొదలైంది 8వ రోజున. బ్యాచ్ ఎలా ఉందో చూసేసరికి గడువు దాటిపోయింది.

కాబట్టి మీరు చేరే ముందు, బ్యాచ్‌లో ఎంతమంది ఉంటారు, ఒక్కొక్కరికి క్లాసులో మాట్లాడే సమయం ఎన్ని నిమిషాలు, తప్పులు ఎవరు ఎప్పుడు దిద్దుతారు అని అడగండి. జవాబు ఫోన్‌లో చెబితే ఒప్పుకోకండి, మెయిల్‌లో రాయించుకోండి. డెమో చూపిస్తామంటే, ఇప్పటికే నడుస్తున్న బ్యాచ్‌లో ఒక క్లాసుకు కూర్చోనివ్వమనండి. కుదరదంటే వదిలేయండి. రీఫండ్ గడువు మొదటి లైవ్ క్లాసు నుంచి లెక్కపెడతారో లేదో కూడా తేల్చుకోండి. "గ్రామర్ అక్కర్లేదు, మాట్లాడితే చాలు" అనేవాళ్ళ దగ్గర ఇంకా జాగ్రత్త. ఐఈఎల్‌టీఎస్ స్పీకింగ్‌లో మార్కులిచ్చే 4 అంశాల్లో గ్రామర్ ఒకటి, మిగతా మూడింటితో సమానమైన వాటా దానిది.

నా 9 వంతుల లెక్క, నోట్సులో తప్పుల పేజీలు, సర్టిఫికెట్ ఫోటో జతచేసి వాళ్ళకు రెండు మెయిళ్ళు పెట్టాను. మొదటిదానికి "గడువు ముగిసింది" అని ఒక్క లైను వచ్చింది. రెండోదానికి ఇంకా జవాబు లేదు. వస్తే ఏమన్నారో చెబుతాను.