కాలువ ఎవరి చేతిలో ఉండాలి: రాష్ట్రమా, ఊరి నీటి సంఘమా?

సార్వా (ఖరీఫ్) నాట్లప్పుడు శివారు చేలకు నీరందకపోతే మా కోనసీమలో రైతు ముందు అడిగేది కాలువ మీద నీళ్ళు వదిలే లస్కరునే. అసలు అధికారం మాత్రం చాలా పైన ఉంది. నీరు రాజ్యాంగంలోని రాష్ట్ర జాబితాలో 17వ అంశం, నది రాష్ట్రాలు దాటితే కేంద్ర జాబితాలోని 56వ అంశం కింద కేంద్రం కలుగజేసుకోవచ్చు, గోదావరి వాటాల మీద 1980లో ట్రైబ్యునల్ తీర్పు వచ్చింది కూడా.

ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు ఎంతెంత వదలాలో మాత్రం రాష్ట్రమే చూడాలి. ఏ ఊరికి ఆ ఊరు తూములు ఎత్తేసుకుంటే చివరి ఊళ్ళు ఎండిపోతాయి, అందులో నాకు రెండో మాట లేదు.

కానీ చేలకు నీళ్ళు తెచ్చే పంట బోదె, మురుగు తీసే కోడు సంగతి వేరు. మా చేను పక్క మురుగు కోడులో గుర్రపుడెక్క ఎంత దట్టంగా అల్లుకుందంటే కొంగలు దాని మీదే నడుస్తాయి, ఒక్క గట్టి వాన పడితే నారుమడి మునుగుతుంది, అర్జీ పెడితే అంచనాలు, టెండర్లు అంటూ ఆ పంట కాలమే గడిచిపోతుంది. 1997 చట్టంతో వచ్చిన ఆయకట్టు రైతుల నీటి సంఘానికైతే ఎక్కడ పూడిందో ముందే తెలుసు, వాళ్ళ చేలూ అక్కడే కదా. చిన్న నీటిపారుదల, పంచాయతీలకు ఇవ్వదగ్గవని రాజ్యాంగం చెప్పిన 29 అంశాల్లోనూ ఉంది, ఇవ్వడం మాత్రం రాష్ట్రం ఇష్టం.

లాకులు రాష్ట్రం దగ్గరే ఉంచండి, బోదెలూ కోడులూ సంఘానికి వదలండి, పూడిక డబ్బు కూడా వేసవిలోనే, కాలువలు కట్టేసినప్పుడే ఇవ్వండి.